ఓడితే సీజన్ అయిపోయినట్టే

హఫీజ్‌పేట్‌ను మధ్యలో పెట్టుకుని పది పన్నెండు కిలోమీటర్లు చుట్టి వస్తే కాలేజీలు వరసగా తగులుతాయి. తూర్పున కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ. ఉత్తరాన బాచుపల్లిలో వీఎన్‌ఆర్ విజ్ఞానజ్యోతి, గోకరాజు రంగరాజు. దక్షిణాన గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ. వీటన్నిటిలోనూ సాయంత్రం ఐదు దాటితే బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర బంతి చప్పుడు వినిపిస్తుంది. జట్టు ఉంటుంది, కెప్టెన్ ఉంటాడు, వెనుక నంబరు వేసిన జెర్సీలు ఉంటాయి, విజిల్ మెడలో వేసుకున్న పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఉంటాడు.

ఇన్ని ఉన్న జట్టు ఏడాదికి ఎన్ని అసలైన మ్యాచ్‌లు ఆడుతుంది? రిఫరీ ఉండి, స్కోర్ షీట్ రాసి, ఫలితం లెక్కలోకి వచ్చే మ్యాచ్‌లు ఎన్ని? ఈ ప్రశ్నకు ముందుగా ఎవరూ జవాబు చెప్పలేరు. ఒకటి కావచ్చు, ఐదు కావచ్చు. అది జట్టు సత్తా మీద కొంత, డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే పట్టిక) మీద కొంత ఆధారపడుతుంది. అందుకే మన కాలేజీ బాస్కెట్‌బాల్‌కు టోర్నమెంట్ ఉంది కానీ సీజన్ లేదు అనాలి. సీజన్ అంటే గెలిచినా ఓడినా ఆడి తీరే మ్యాచ్‌ల వరస. ఆ వరస లేకపోవడం వల్ల ఆటలో, ఆటగాడిలో, ఎంపికలో ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ దీన్ని తయారుచేశాడు. చలికాలంలో విద్యార్థులను నాలుగు గోడల మధ్య ఆడించడానికి పుట్టిన ఆట ఇది. మన దేశానికీ వైఎంసీఏల ద్వారానే వచ్చింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదిన దీన్ని బాగా నాటింది. చెన్నై వైపు జట్లు నేటికీ బలంగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు అంతర్జాతీయ నియమాల ప్రకారం కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తు. ఒక్కో జట్టులో 12 మంది, కోర్టు మీద ఐదుగురు. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి చేతికి వచ్చాక 24 సెకన్లలోపు షాట్ వేయాలి. ఐదు ఫౌల్స్ చేసిన ఆటగాడు ఇక ఆ మ్యాచ్ ఆడడు. ఈ నియమాలను బట్టే తెలుస్తుంది, ఇది ఐదుగురితో నెగ్గుకొచ్చే ఆట కాదని. పరుగు ఆగదు, ఫౌల్స్ పడుతూనే ఉంటాయి. బెంచి మీద ఉన్న ఏడుగురిలో కనీసం నలుగురు పనికొచ్చేవాళ్లు కావాలి. ఈ బెంచి సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పని పడుతుంది.

ఇక పోటీల మెట్ల సంగతి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న కాలేజీ జట్టు ముందు ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంటు ఆడుతుంది. గండిపేటలోని సీబీఐటీ లాంటివి ఉస్మానియా పరిధిలో అదే పని చేస్తాయి. అక్కడ ఆడినవాళ్ల నుంచి సెలెక్షన్స్ పెట్టి యూనివర్సిటీ జట్టును ఎంచుతారు. ఇక్కడ కొత్తవాళ్లు గమనించని విషయం ఒకటుంది. కాలేజీ జట్టు జట్టుగా ఆ మెట్టు మీదే ఆగిపోతుంది. పైకి వెళ్లేది ఒకరో ఇద్దరో ఆటగాళ్లు, అదీ యూనివర్సిటీ జెర్సీలో. మిగతా పది మందికి ఆ ఏడాది అంతటితో సరి.

ఆ పై మెట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) నడిపే సౌత్ జోన్ పోటీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి యూనివర్సిటీలన్నీ ఇక్కడికే వస్తాయి. నాలుగు జోన్ల నుంచి నాలుగేసి చొప్పున 16 జట్లు అఖిల భారత పోటీకి చేరతాయి. అక్కడ పైన నిలిచిన ఎనిమిదికి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో చోటు. ఆ గేమ్స్ 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి.

గచ్చిబౌలి వైపు పరిస్థితి వేరు. సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ తమంత తామే యూనివర్సిటీ హోదా ఉన్నవి. కాబట్టి మొదటి మెట్టు ఎక్కకుండానే నేరుగా సౌత్ జోన్‌కు దిగవచ్చు. వినడానికి సౌకర్యంగా ఉంటుంది. కానీ అక్కడ ఎస్ఆర్‌ఎం, మద్రాస్ యూనివర్సిటీ లాంటి జట్లు ఎదురవుతాయి. అవి ఆట కోసమే ఎంచి తెచ్చుకున్న పిల్లలతో వస్తాయి. కోడింగ్ క్లాసు వదిలాక బంతి పట్టుకునే కుర్రాళ్లకు అది మొదటి మ్యాచే ఆఖరి మ్యాచ్ అయ్యే దారి.

ఇప్పుడు అసలు యంత్రం దగ్గరికి వద్దాం. దాని పేరు నాకౌట్ (ఓడితే వెంటనే ఇంటికి పంపే పద్ధతి). 32 జట్లు వచ్చాయనుకుందాం. విజేత తేలడానికి 31 మ్యాచ్‌లు చాలు, ఎందుకంటే ఒక్కో మ్యాచ్ ఒక్కో జట్టును బయటికి పంపుతుంది. నిర్వాహకులకు ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు. అదే లెక్కను ఆటగాడి వైపు నుంచి చూడండి. 16 జట్లు ఒకే ఒక్క మ్యాచ్ ఆడతాయి. 8 జట్లు రెండు. 4 జట్లు మూడు. రెండు జట్లు నాలుగు. ఫైనల్ చేరిన రెండే ఐదు ఆడతాయి. సగటున జట్టుకు రెండు మ్యాచ్‌లు కూడా రావు. ఏడాదంతా చదివి, పరీక్ష హాల్లో మొదటి ప్రశ్న తప్పితే పేపరు లాక్కుని బయటికి పంపడం లాంటిదిది.

దీనికి సీడింగ్ తోడవుతుంది. అంటే పోయినసారి పైన నిలిచిన జట్లు మొదట్లోనే ఒకదానికొకటి ఎదురుపడకుండా డ్రాలో దూరంగా వేయడం. వాళ్లకు ఒక్కోసారి బై కూడా వస్తుంది, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు పోవడం. ఇందులో అన్యాయమేమీ లేదు. గట్టి జట్ల మధ్య పోటీ చివర్లో రావాలని అందరూ కోరుకుంటారు. కాకపోతే ఫలితం ఏమిటంటే, నిరుడు మొదటి రౌండ్‌లో ఓడిన జట్టుకు ఈసారి కూడా మొదటి రౌండ్‌లోనే పెద్ద జట్టు తగిలే అవకాశం ఎక్కువ. ఎవరికి ఎక్కువ మ్యాచ్‌లు కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతాయి.

ఏఐయూ ఈ ఇబ్బందిని కొంత గుర్తించింది. జోన్ పోటీల్లో చివరి నాలుగు జట్లు మిగిలాక వాటి మధ్య లీగ్ (అందరూ అందరితో ఆడే పద్ధతి) నడుపుతుంది. మంచి ఏర్పాటే. కానీ అది అప్పటికే మూడు నాలుగు మ్యాచ్‌లు గెలిచి వచ్చినవాళ్లకు దక్కే ఏర్పాటు.

మ్యాచ్‌లు తక్కువైతే ఆట ఎలా మారుతుంది? ఓడితే అంతా పోతుందని తెలిసిన కోచ్ ప్రయోగాలు చేయడు. తన అయిదుగురినీ నమ్ముకుంటాడు. మూడో క్వార్టర్‌లో వాళ్లకు ఊపిరి ఆడకపోయినా దించడు. బెంచి మీది ఫస్టియర్ కుర్రాడు టవలు, నీళ్ల సీసా అందిస్తూ కూర్చుంటాడు. మరుసటి ఏడాది సీనియర్లు వెళ్లిపోతారు. అప్పుడు అదే కుర్రాడు మెయిన్ అయిదుగురిలోకి వస్తాడు, కానీ ఒత్తిడిలో ఫ్రీ త్రో వేసిన అనుభవం అతనికి సున్నా. మళ్లీ మొదటి రౌండ్. దీన్ని ఆటగాళ్ల నిర్లక్ష్యంగానో, పీడీ సార్ చేతకానితనంగానో చూడటం సులభం. నా లెక్కలో ఇది డ్రా షీట్ చేసిన పని.

ఇంజినీరింగ్ క్యాలెండర్ దీన్ని మరింత బిగిస్తుంది. కాగితం మీద కోర్సు నాలుగేళ్లు. ఫస్టియర్ పిల్లలు కౌన్సెలింగ్ రౌండ్లన్నీ అయ్యాక ఆలస్యంగా చేరతారు. చేరి సర్దుకునేసరికి మిడ్స్ మొదలవుతాయి. ఫైనలియర్ వాళ్లకు ఏడో సెమిస్టర్ నుంచే ప్లేస్‌మెంట్ల హడావిడి. ఇంటర్న్‌షిప్ వచ్చినవాడు పొద్దున్నే హైటెక్ సిటీ బాట పడతాడు. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే అది. ఉద్యోగం అంత దగ్గరగా ఉన్నప్పుడు సాయంత్రం ప్రాక్టీసుకు రమ్మని ఎవరు అడగగలరు? చివరికి జట్టు భారం మోసేది సెకండియర్, థర్డియర్ వాళ్లే. నాలుగేళ్ల కోర్సులో ఆటకు దొరికేవి రెండేళ్లు. ఆ రెండేళ్లలో హామీ ఉన్న మ్యాచ్‌లు రెండు.

అటెండెన్స్ ఉండనే ఉంది. జేఎన్‌టీయూ నియమం 75 శాతం. 65 దాకా తగ్గితే అనారోగ్య కారణాల మీద కండోనేషన్ (ఫీజు కట్టించుకుని ఇచ్చే మినహాయింపు) దొరుకుతుంది. అంతకన్నా తగ్గితే డిటెయిన్. టోర్నమెంటుకు పోయిన రోజులకు చాలా కాలేజీలు ఆన్ డ్యూటీ ఇస్తాయి. దానికి తయారయ్యే రోజులకు ఇవ్వవు. కాబట్టి తయారీ అంతా క్లాసులకు, చీకటికి మధ్య దొరికే గంటన్నరలో జరగాలి. లైట్లు లేని సిమెంటు కోర్టు మీద డిసెంబరులో ఆ గంటన్నర కూడా ఉండదు.

ఇంకో పర్యవసానం లెక్కల్లో దాగి ఉంది. ఒక జట్టు చాలా మంచిదనుకోండి. ఏ ప్రత్యర్థితో ఆడినా గెలిచే అవకాశం నూటికి 70. అలాంటి జట్టు వరసగా ఐదు మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తే అవకాశం ఎంత? 0.7ను ఐదుసార్లు గుణిస్తే సుమారు 0.17 వస్తుంది. అంటే ఆరు టోర్నమెంట్లలో ఒకటి. మిగతా ఐదింట్లో ఆ మంచి జట్టు ఎక్కడో ఒకచోట పడిపోతుంది. ఒకరోజు రింగు అంచు తగిలి బయటికి పోయిన రెండు షాట్లు చాలు. కాబట్టి నాకౌట్ కప్పు చూసి ఫలానా కాలేజీ బలమైనదని, ఫలానాది బలహీనమైనదని తీర్పు చెప్పడం తొందరపాటు.

అమెరికాలోనూ చివరి పోటీ నాకౌటే కదా అని అడగవచ్చు. ఎంఎస్‌కు వెళ్లిన పిల్లలు మార్చి వచ్చేసరికి ఫోన్లో చెప్పే మార్చ్ మ్యాడ్‌నెస్ అదే. 1939లో మొదలైన ఈ పోటీలో 2011 నుంచి 68 జట్లు ఆడుతున్నాయి. ఒక్క ఓటమితో ఇంటికే. తేడా ఏమిటంటే, అది నవంబరులో మొదలైన సీజన్‌కు చివరి అంకం. అక్కడికి చేరేసరికి ప్రతి జట్టూ ముప్ఫై దాకా మ్యాచ్‌లు ఆడి ఉంటుంది. 2018లో వర్జీనియా యూనివర్సిటీ 33 మ్యాచ్‌ల్లో 31 గెలిచి, టాప్ సీడ్‌గా బరిలో దిగి, మొదటి రౌండ్‌లోనే 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 54–74తో ఓడింది. పురుషుల పోటీలో టాప్ సీడ్‌ను 16వ సీడ్ ఓడించడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది అదే వర్జీనియా కప్పు గెలిచింది. ఒక్క రాత్రి ఓటమి ఆ జట్టు ఏమిటో చెప్పలేకపోయింది, పక్కన పెట్టి చూడటానికి 33 మ్యాచ్‌లు ఉన్నాయి కనుక. బాచుపల్లి జట్టు మొదటి రౌండ్‌లో ఓడితే పక్కన పెట్టి చూడటానికి ఏముంటుంది?

అలాగని అమెరికాను అచ్చంగా దించుకోవాలని కాదు. అక్కడ కథను నడిపేది టీవీ డబ్బు. 2010లో టోర్నమెంటు ప్రసార హక్కులు 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్ముడయ్యాయి. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే వాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. అది మరో ప్రపంచం. మనకు దగ్గరగా ఉన్నది మనీలా.

ఫిలిప్పీన్స్‌లో యూఏఏపీ అనే యూనివర్సిటీల క్రీడా సంఘం ఉంది. 1938లో ఏర్పడింది. సభ్యులు ఎనిమిది యూనివర్సిటీలు, ఎనిమిదీ మెట్రో మనీలాలోనే ఉన్నాయి. అంటే కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్లినట్టు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటూ వెళ్లి ఆడి రావచ్చు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో ప్రతి జట్టూ మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడుతుంది. జట్టుకు 14 మ్యాచ్‌లు, మొత్తం 56. అట్టడుగున ఉన్న జట్టు కూడా 14 ఆడుతుంది. ఆ తర్వాతే పై నాలుగింటికి సెమీఫైనల్స్. అందులోనూ ఒక చమత్కారం ఉంది. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్టును ఇంటికి పంపాలంటే ప్రత్యర్థి రెండుసార్లు ఓడించాలి. ఆ జట్టుకు మాత్రం ఒక్కసారి గెలిస్తే చాలు. పద్నాలుగు మ్యాచ్‌ల కష్టానికి అక్కడ విలువ కట్టిన తీరు అది. ఫైనల్ కూడా మూడింట రెండు గెలవాలి. అక్కడి ఆటగాళ్లు మనవాళ్లకన్నా మరీ పొడగరులేమీ కారు. కానీ కాలేజీ మ్యాచ్‌కు పెద్ద స్టేడియాలు నిండుతాయి. వచ్చే వారం కూడా మన జట్టు ఆడుతుందని తెలిసినప్పుడే చూసే జనం తయారవుతారు.

ఇక్కడ సాధ్యమా? కాస్త గుణించి చూద్దాం. హఫీజ్‌పేట్ చుట్టుపక్కల ఎనిమిది కాలేజీలు ఒప్పుకున్నాయనుకోండి. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడితే మొత్తం 28 మ్యాచ్‌లు. విరామాలతో కలిపి మ్యాచ్‌కు గంటన్నర. శనివారం ఉదయం ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండు గంటలకు నాలుగు మ్యాచ్‌లు అయిపోతాయి. ఒకే కోర్టు, ఏడు శనివారాలు. బస లేదు, రైలు టికెట్లు లేవు. కావలసింది ఇద్దరు రిఫరీలు, టేబుల్ దగ్గర స్కోరర్, టైమర్, 24 సెకన్ల గడియారం చూసే మనిషి, కాలేజీ బస్సు. పెద్ద ఖర్చు కాదు.

మరి ఎందుకు జరగదు? డబ్బు కన్నా లెక్కలోకి వచ్చే పద్ధతి పెద్ద అడ్డంకి అని నాకు అనిపిస్తుంది. న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ మండలి) ఇటీవలి దాకా వాడిన కొలమానాల్లో క్రీడలకు చోటు ఉంది. కానీ అక్కడ లెక్కపెట్టేది పతకాలను, విద్యార్థులు పాల్గొన్న కార్యక్రమాలను. పతకం ఒక అంకె. రెండు రోజుల టోర్నమెంటు ఒక అంకె. ఏడు వారాల లీగ్‌లో అయిదో స్థానంలో నిలిచిన జట్టు అదనంగా ఆడిన ఆరు మ్యాచ్‌లకు ఏ గడిలోనూ చోటు లేదు. ప్రవేశాల్లోనూ అంతే. ఇంజినీరింగ్ సీట్లలో క్రీడల కోటా అర శాతం, అంటే రెండు వందల్లో ఒకటి. ఆ ఒక్క సీటు ఏ ఆట పిల్లవాడికి దక్కుతుందో చెప్పలేం. ఇలాంటి చోట యాజమాన్యాన్ని లీగ్ పెట్టమని అడిగే పీడీ సార్ చేతిలో చూపించడానికి కాగితం ఉండదు.

స్పోర్ట్స్ ఫెస్టులు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. శామీర్‌పేట దగ్గర బిట్స్ హైదరాబాద్ క్యాంపస్ నడిపే అరీనా అలాంటిదే. ఊరూరి జట్లూ వస్తాయి, ఉత్సాహం ఉంటుంది. అయితే రెండు మూడు రోజుల్లో ముగియాలి కాబట్టి అక్కడా గ్రూపు దశ చిన్నదే, నాకౌట్ వెంటనే వచ్చేస్తుంది. విచిత్రం ఏమిటంటే ఇదే కుర్రాళ్లు ఉద్యోగాల్లో చేరాక కంపెనీల వీకెండ్ లీగుల్లో కాలేజీ రోజులకన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడతారు. అప్పటికి మోకాళ్లు మొరాయించడం మొదలుపెడతాయి.

ఈ మాట ఇప్పుడే ఎందుకు ఎత్తాలంటే, పైన ఒక తలుపు కొత్తగా తెరుచుకుంది. 2025 మొదట్లో 25 ఏళ్ల లోపు ఆటగాళ్లతో ఐఎన్‌బీఎల్ ప్రో అనే వృత్తి లీగ్ మొదలైంది. ఆరు జట్లలో హైదరాబాద్ ఫాల్కన్స్ ఒకటి. కాలేజీ వయసు దాటీ దాటని కుర్రాళ్లే దానికి కావాలి. కానీ అలాంటి జట్టుకు ఆటగాణ్ని వెతికేవాళ్లు ఈ కాలేజీల్లో దేన్ని చూసి ఎంచాలి? సెలెక్షన్స్‌లో ఒకటి రెండు రోజులు చూసి ఎంచాలి, లేదా ఎవరో చెప్పిన మాట వినాలి. ఒక గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) ఏడు మ్యాచ్‌లలో ఎన్ని ఫ్రీ త్రోలు వేశాడు, ఎన్ని పడ్డాయి, నాలుగో క్వార్టర్‌లో నాలుగు ఫౌల్స్ మీద ఉండి ఎలా ఆడాడు అన్న రికార్డు ఎక్కడా ఉండదు. మ్యాచ్ స్కోర్ షీట్‌లో ఇందులో కొంతైనా ఉంటుంది. ప్రతి పాయింటూ, ప్రతి ఫౌలూ ఎవరిదో అందులో రాస్తారు. మొదటి రౌండ్‌లో ఓడిన జట్టుకు ఏడాదికి అలాంటి షీటు ఒక్కటే వస్తుంది.